తమ్ముడి షామియానా

ప్రశ్న: అమ్మా, మాది గజపతి జిల్లా, పర్లాకిమిడికి దగ్గర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, గుడిలో రెండూ. నాకు 46 ఏళ్లు. మా విచారణ (ఒక ఫాదర్‌గారి కింద ఉండే గుడి పరిధి) సలహా సంఘానికి కార్యదర్శిని. మా తమ్ముడికి టెంట్ హౌస్ ఉంది. గానబృందంలో ఢోలక్ వాయిస్తాడు. ఏటా సెప్టెంబరు 8న మరియమాత జన్మదిన పండుగకు షామియానా, కుర్చీలు ఉచితంగా ఇస్తాడు. 11 ఏళ్లుగా ఇస్తున్నాడు. 2024 ఎన్నికల్లో కమలం కండువా వేసుకుని ఊరంతా తిరిగాడు. మా విచారణలో చాలావరకు శంఖం (బిజూ జనతాదళ్) ఇళ్లు, మిగిలినవి హస్తం ఇళ్లు. అప్పటి నుంచి అతను ఎదురైతే అందరూ ముఖం తిప్పుకుంటున్నారు. పోయిన క్రిస్మస్‌కు ముందు కొండ మీది ఊళ్లో సవర గిరిజన క్రైస్తవ కుటుంబాల ప్రార్థనను కొందరు వచ్చి ఆపించారు. వాళ్లలో తమ్ముడితో కలిసి తిరిగినవాళ్లు ఉన్నారు. ఆ రోజు అతను అక్కడ లేడు, కానీ తరువాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇప్పుడు సంఘంలో ముగ్గురు పెద్దలు కాగితం రాసి ఇచ్చారు: అతన్ని గానబృందం నుంచి తీసేయాలి, అతని షామియానా వద్దు. ఫాదర్‌గారు "మీరే తేల్చుకోండి" అన్నారు. ఎన్నికల ముందు ఆదివారం ప్రసంగంలో ఎవరికి వేయకూడదో అందరికీ అర్థమయ్యేలా చెప్పింది మాత్రం ఆయనే. అమ్మ తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆ ఎన్నికల తరువాత మేము కలిసి భోంచేసింది లేదు. అలా ఓటేయడం పాపం కాదా? పక్క వరుసలో అతను నిలబడి ఉంటే నేను ఏ మనసుతో దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవాలి? నా అంతరాత్మ ఒప్పుకోవడం లేదు.
— ఒక అన్న

సమాధానం: మీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివాను. ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా పనిచేసినదాన్ని, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? తమ్ముడు ఎటువైపో రాశారు, విచారణలో ఎవరెవరు ఎటువైపో రాశారు, ఫాదర్‌గారు ఎటు మొగ్గారో కూడా రాశారు. మీరు ఏ మీట నొక్కారో మాత్రం రాయలేదు. రాయనక్కర్లేదు, నేను అడగడమూ లేదు. పోలింగు గదిలో అట్ట చాటున మీరు చేసిన పని మీకూ దేవుడికీ మధ్య ఉండిపోయింది, మంచిదే. మీ తమ్ముడు నొక్కింది కూడా అదే అట్ట చాటున. కండువా వేసుకుని తిరిగాడు కాబట్టి అతనికి ఆ చాటు లేకుండా పోయిందని మీ పెద్దలు లెక్కగట్టారు.

ముందు తొందర పని. ఆ ముగ్గురి కాగితాన్ని సమావేశంలో చర్చకు పెట్టకండి. చేతులెత్తించడం అసలే వద్దు. విచారణ సలహా సంఘానికి ఉన్నది పేరులో ఉన్నంతే, సలహా చెప్పడం వరకే. శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో 536వ నిబంధన ఆ మాటే అంటుంది. ఒకరిని దివ్యసత్ప్రసాదానికి అర్హుడు, అనర్హుడు అని తేల్చే అధికారం మీ సంఘానికి లేదు. ఢోలక్ వాయించడానికి పార్టీ సభ్యత్వం చూడాలని ఎక్కడా రాసి లేదు. తాళం తప్పితే తీసేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. షామియానా సంగతి అంటారా, సెప్టెంబరు 8న మన వైపు వాన పడుతుందని మీకు నేను చెప్పాలా? వద్దన్నవారు గొడుగులు తెచ్చుకుంటారు. 11 ఏళ్లు ఆ కుర్చీల్లో కూర్చుని పులిహోర తిన్నవారు ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఎక్కడ కూర్చుని పెట్టారో!

ఇక అసలు ప్రశ్న. అలా ఓటేయడం పాపమా?

మీ పెద్దలవి శంఖం ఇళ్లు, హస్తం ఇళ్లు అన్నారు. నాకు 71 ఏళ్లు, కాస్త పాత పద్దులు తిరగేస్తాను, కోపం తెచ్చుకోకండి. బలవంతంగానో మోసంతోనో ఆశ చూపో మతం మార్చడాన్ని నిషేధించే ఒడిశా మత స్వేచ్ఛ చట్టం పేరు విననివారు మన విచారణల్లో ఉండరు. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం మనదే, 1967లో. చేసింది స్వతంత్ర పార్టీ, జన కాంగ్రెస్‌ల కూటమి ప్రభుత్వం. 1972లో హైకోర్టు కొట్టేసింది. 1977 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు వేరు, ఇంకొకరిని మతం మార్చే హక్కు వేరు అంది. ఆ తరువాత భువనేశ్వర్‌లో హస్తం ఎన్నేళ్లు కూర్చుందో లెక్కపెట్టండి. శంఖం 24 ఏళ్లు కూర్చుంది. చట్టం చెక్కు చెదరలేదు. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు పసిబిడ్డలనూ వాళ్లు నిద్రపోతున్న బండిలోనే తగలబెట్టినప్పుడు రాష్ట్రంలో ఉన్నది హస్తం ప్రభుత్వం. 2007 క్రిస్మస్‌కూ 2008 ఆగస్టులోనూ కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల ఇళ్లు తగలబడినప్పుడు శంఖం, కమలం ఒకే మంత్రివర్గంలో పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. 2009 మార్చిలోగానీ విడిపోలేదు. మీ పెద్దల్లో ఎవరైనా 2004లో శంఖం మీద మీట నొక్కి ఉంటే, ఆ మీటకు రెండో చివర ఎవరు ఉన్నారో వారికి గుర్తుండాలి.

ఇంకొకటి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం. 1936లో రాష్ట్రాల మధ్య గీత గీసినవారు మన పెళ్లి సంబంధాలను అడిగి గీయలేదు కాబట్టి, మీ మేనత్తలో, వియ్యంకులో అక్కడ ఉండే ఉంటారు. 2024 మే 13న మీరూ వాళ్లూ ఒకే రోజు ఓటేశారు. అక్కడ సైకిలు, కమలం ఒకే కూటమి. ఆ ఒడ్డున సైకిలుకు వేసిన కథోలికుణ్ని ఎవరైనా పాటల బృందం నుంచి తీసేశారా? అదే కుటుంబం, అదే విశ్వాసం, నది మాత్రం మధ్యలో. గురివింద గింజ సామెత మనవాళ్లు ఊరికే చెప్పలేదు.

అన్ని పార్టీలూ ఒకటేలే, ఏది నొక్కితే ఏమిటి అని నేను అంటున్నానని అనుకోకండి. ఆ మాట అనేవారంటే నాకు ఒళ్లు మంట. అన్నీ ఒకటి కావు. వేదిక ఎక్కి మనల్ని పరాయివాళ్లని అన్నవారికీ, అనకుండా ఊరుకున్నవారికీ, అన్నవారిని అడ్డుకున్నవారికీ తేడా ఉంది. ఆ తేడా చూడని ఓటు బద్ధకపు ఓటు. నేను అంటున్నది ఇంత వరకే: చేతికి మసి అంటకుండా నొక్కగల మీట మన తరంలో ఏ కథోలికుడికీ దొరకలేదు. కాబట్టి ప్రతిసారీ తూచుకోవలసిందే. తూచుకునేవాడి తక్కెడ అతని ఇంట్లో ఉంటుంది, సలహా సంఘం గదిలో ఉండదు.

ఆ తక్కెడలో ఏమేమి పడ్డాయో మీకు తెలుసా? 2004లో కార్డినల్ రాట్జింగర్, అంటే తరువాత 16వ బెనెడిక్ట్ పోపుగారైన ఆయనే, అమెరికా మేత్రాణుల (బిషప్పుల) కోసం ఒక చిన్న వివరణ రాశారు. అక్కడి గొడవ గర్భస్రావం గురించి. ఒక అభ్యర్థి చెడును సమర్థిస్తున్నాడు కాబట్టే అతనికి ఓటేస్తే, ఆ చెడులో ఓటేసినవాడూ చేయి కలిపినట్టు. ఆ చెడును ఒప్పుకోకుండా, దానికి సరితూగేంత బరువైన వేరే కారణంతో ఓటేస్తే ఆ లెక్క వేరు అన్నారు. అంటే, ఎవరికి వేశాడు అని అడిగితే సరిపోదు. ఎందుకు వేశాడు అని కూడా అడగాలి. మీ ఉత్తరంలో "ఎందుకు" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఇదే నా ఎర్ర పెన్సిలు గీత.

కారణాలు ఊహించడం నా పని కాదు, అయినా ఒకటి చెప్తాను. మన ఇళ్లలో చాలా బీరువాల్లో రెండు కాగితాలుంటాయి. జ్ఞానస్నానపు పుస్తకంలో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో ఇంకొక పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులంవాడు కాకుండా పోతాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. మనకు తెరవలేదు. గిరిజనులకు ఈ చిక్కు లేదు, అందుకే కొండ మీద వాళ్ల భయం వేరు, కింద మన భయం వేరు. పిల్లల చదువు, ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఆ రెండో కాగితం మీద వేలాడుతున్న మనిషి, బలంగా ఉన్నవారి కండువా భుజాన వేసుకోవడంలో ఎంత ఆశ ఉందో, ఎంత వణుకు ఉందో బయటివారికి కనబడదు. మీ తమ్ముడిది అదే అని నేను అనడం లేదు. టెంట్ హౌస్‌వాడు సభలు ఎవరివైతే వారి వెంట తిరుగుతాడు, అంతే అయి ఉండవచ్చు. లేదా నిజంగానే నమ్మి ఉండవచ్చు. అతన్ని అడగాలి, అంతే.

మీరు "నా అంతరాత్మ ఒప్పుకోవడం లేదు" అని రాశారు. ఆ మాటను మనం బజారులో కూడా వాడేస్తున్నాం. సంబంధం నచ్చకపోయినా అంతరాత్మ ఒప్పుకోదు, పక్కింటివాళ్లు మేడ కట్టినా అంతరాత్మ ఒప్పుకోదు. రెండవ వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న ఆమోదించిన పత్రంలో, నేటి ప్రపంచంలో శ్రీసభ గురించి చెప్పే దానిలో, 16వ పేరా అంతరాత్మ గురించి. మనిషి లోపలి గర్భగుడి అది, అక్కడ అతను దేవుడితో ఒంటరిగా ఉంటాడు, ఆయన గొంతు అక్కడ వినిపిస్తుంది అని దాని భావం. ఒంటరిగా అన్న మాట చూడండి. తమ్ముణ్ని వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్లడానికి లేదు, అతని మీద ఫిర్యాదు పట్టుకునీ వెళ్లడానికి లేదు. మీ అంతరాత్మ మీ మీద నేరం మోపుతుంది, మీకు పని పురమాయిస్తుంది. ఇంకొకరి మీద తీర్పు చెబుతున్నట్టు వినిపిస్తే ఆ గొంతు వేరే ఎవరిదైనానేమో చూసుకోవాలి. నా అనుభవంలో అది చాలాసార్లు అహానిది.

అదే పత్రంలో 43వ పేరా మీ విచారణ గోడ మీద రాయించదగ్గది. ఒకే విశ్వాసం ఉన్నవారు, అంతే చిత్తశుద్ధితో, లోక వ్యవహారాల్లో ఒకరితో ఒకరు విభేదించడం మామూలేనని, అలాంటప్పుడు ఎవరూ శ్రీసభ అధికారాన్ని తమ అభిప్రాయానికి మాత్రమే సొంతం చేసుకోకూడదని అందులో ఉంది. ఇది ఆ ముగ్గురు పెద్దలకు వర్తిస్తుంది. ఫాదర్‌గారికి వర్తిస్తుంది. కమలానికి వేయడమే దేశభక్తి, అదే దేవుడి చిత్తం అని మీ తమ్ముడు ఎక్కడైనా అని ఉంటే అతనికీ వర్తిస్తుంది.

ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ కొలువులో మంత్రిగా చేసిన పునీత థామస్ మోర్ పేరు మీరు విని ఉంటారు. 2000 సంవత్సరంలో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను రాజకీయ నాయకులకు పాలక పునీతుడిగా ప్రకటించారు. మనం ఆయన కథలో చివరి ఘట్టం మాత్రమే చెప్పుకుంటాం, రాజు ముందు తలవంచలేదు, 1535 జూలై 6న తల తీశారు అని. నాకు ఆ కథలో నచ్చేది ఆయన కూతురు మార్గరెట్. రాజు రెండో పెళ్లిని ఒప్పుకుంటూ తండ్రి చేయనన్న ప్రమాణాన్ని కూతురు చేసింది, దేవుడి చట్టం ఒప్పుకున్నంత వరకు అని ఒక మెలిక పెట్టుకుని. చేసి, చెరసాలకు వచ్చి, నువ్వు కూడా చెయ్యి నాన్నా అని బతిమాలింది. ఆయన చేయలేదు. కానీ ఆమె చేసినందుకు ఆమెను తూలనాడలేదు. ఇతరుల అంతరాత్మలో తాను వేలు పెట్టనని, తన ఆత్మను ఇంకొకరి వీపుకు కట్టనని ఆయన మాటలు ఆ ఉత్తరాల్లో ఉన్నాయి. ప్రాణం పోయే విషయంలో తండ్రీకూతుళ్లు రెండు వైపులా నిలబడి కూడా మాట్లాడుకోవడం మానలేదు. మనం కుర్చీల దగ్గర మానేశాం.

నేను ఇది చెప్పే అర్హత ఉండి చెప్పడం లేదు. 2008 ఆగస్టు 23న కంధమాల్‌లో హిందూ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతినీ ఆయన అనుచరులనూ ఆశ్రమంలో చంపేశారు. చంపింది తామేనని మావోయిస్టులు చెప్పుకున్నారు. కాలింది మాత్రం కొండ ఊళ్ల క్రైస్తవుల ఇళ్లు. వేలమంది అడవుల్లోకీ శిబిరాల్లోకీ పరుగెత్తారు. నేను అప్పుడు బరంపురంలో ఉన్నాను. తెలిసిన ఒక మఠకన్య పంపగా ఒక కుటుంబం మా ఇంటికి వచ్చింది, ఒక తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన. వెనక గదిలో పెట్టుకున్నాం. పిల్లలు దగ్గితే నాకు గుండె ఆగిపోయేది. ఎందుకంటే ఎదురింట్లో ఉండే కిరాణా వ్యాపారి ప్రతి ఎన్నికకూ కమలం జెండా కట్టే మనిషి. రెండో రోజు రాత్రి అతను తలుపు తట్టాడు. చేతిలో బియ్యం సంచి. "పంతులమ్మగారూ, ఇంట్లో మనుషులు ఎక్కువైనట్టున్నారు" అన్నాడు. సంచి గడపలో పెట్టి వెళ్లిపోయాడు. ఇంకేమీ అనలేదు, ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ బియ్యం మేము వండుకున్నాం. ఆ కుటుంబం వెళ్లిపోయింది. ఆ తరువాత ఆరేళ్లపాటు నేను అతని దుకాణం మెట్లెక్కలేదు. రెండు వీధులు దాటి వెళ్లి కందిపప్పు తెచ్చుకునేదాన్ని. తప్పు కప్పిపుచ్చుకోవడానికి బియ్యం ఇచ్చాడని నాకు నేనే చెప్పుకున్నాను. నా అంతరాత్మ ఒప్పుకోవడం లేదని కూడా అనుకున్నాను, మీలాగే. అతను తనవాళ్ల సభలకు మైకులు కట్టించాడు, ఆ మైకుల్లో వినిపించిన మాటలు నేను మరిచిపోలేదు. ఇప్పటికీ ఆ కోపం ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ వారంలో అతను తనవాళ్లతో ఏమన్నాడు, ఎవరినైనా ఆపాడా, ఆపలేకపోయాడా, అసలు బియ్యం ఎందుకు తెచ్చాడు, ఇవేవీ నేను అడగలేదు. 2014లో అతను పోయాడు. ఇక ఎవరిని అడగను?

మీ ఉత్తరంలో నాకు ముల్లులా గుచ్చుకున్న వాక్యం ఓటు గురించినది కాదు. "తరువాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు" అన్నారే, అది. ఓటు ఒక నిమిషం పని, అట్ట చాటున చేసేది. దాని కారణాలు తూచే తక్కెడ అతనిది. కానీ సాటి మనుషులు ప్రార్థన చేసుకుంటుంటే తన పరిచయస్థులు వెళ్లి ఆపించాక నోరు విప్పకపోవడం చాటుమాటు పని కాదు. అది రోజూ, పట్టపగలు, నలుగురి మధ్య చేస్తున్న పని. అంతరాత్మ అంటే ఎవరి ఇష్టం వారిది అని శ్రీసభ ఎన్నడూ చెప్పలేదు. దానికి చదువు చెప్పుకోవాలని, నిజం ఏమిటో తెలుసుకోవడానికి శ్రమపడనివాడి అంతరాత్మ తప్పు దారి పడితే ఆ తప్పుకు అతనూ బాధ్యుడేనని సత్యోపదేశ గ్రంథంలోనే (శ్రీసభ బోధనల పుస్తకంలోనే) ఉంది. కాబట్టి మీ తమ్ముణ్ని అడిగే హక్కు మీకుంది. పాత కండువా గురించి కాదు, మొన్నటి డిసెంబరు గురించి. కొండ మీద జరిగింది నీకు ఎప్పుడు తెలిసింది? తెలిశాక ఏం చేశావు? ఈ రెండు ప్రశ్నలు అన్న తమ్ముణ్ని అడగవచ్చు. సంఘం కార్యదర్శి అడిగితే మాత్రం అది విచారణ అవుతుంది, మన గుడి విచారణ కాదు, పోలీసు విచారణ. ఆ టోపీ ఇంట్లో పెట్టి వెళ్లండి.

అడిగే ముందు ఇంకొక ప్రశ్నకు మీరు జవాబు చూసుకోవాలి. ఆ కుటుంబాలు ఎన్ని? వాళ్ల ఊరి పేరు ఏమిటి? ప్రార్థన మళ్లీ మొదలైందా? మీ ఉత్తరంలో ఇవి లేవు. ఆ కాగితం రాసిన ముగ్గురికీ తెలుసని నాకు అనిపించడం లేదు. వాళ్లు మన కథోలికులు కాకపోవచ్చు కూడా, సవర కొండల్లో బాప్టిస్టు సంఘాలు చాలా పాతవి. డిసెంబరు నుంచి ఇప్పటిదాకా మీ విచారణ నుంచి ఒక్కరైనా ఆ కొండ ఎక్కారా? వాళ్ల కష్టాన్ని మీ సంఘం తమ్ముడి మీదికి విసిరే రాయిగా వాడుకుంది. మీ తమ్ముడు మాట్లాడలేదు, నిజమే. మీరు మాట్లాడింది కూడా అతని గురించే, వాళ్ల గురించి కాదు.

చేయగలిగింది ఉంది. ప్రశాంతంగా ఆరాధన చేసుకుంటున్నవారిని కావాలని చెదరగొట్టడం నేరం, భారతీయ న్యాయ సంహితలో 300వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 296వ సెక్షన్‌గా ఉన్నదే. ఠాణాకు వెళ్లాలా వద్దా అన్నది ఆ కుటుంబాలు తేల్చుకోవాలి, మీరు కాదు. రేపు ఆ ఊళ్లో బతకవలసింది వాళ్లు. వెళ్తామంటే పక్కన నిలబడే మనిషి కావాలి, ఒడియాలో ఫిర్యాదు రాసిపెట్టే మనిషి కావాలి. మీకు ఆ రాత వచ్చు. వద్దంటే, ఆపించినవాళ్లతో మాట్లాడే మనిషి కావాలి. మీ విచారణ మొత్తంలో వాళ్ల ఫోను నంబర్లు ఉన్నది ఒక్కరి దగ్గరే. ఆ ఒక్కణ్ని మీరు గుడి నుంచి పంపించేద్దామని చూస్తున్నారు.

ఫాదర్‌గారి విషయం క్లుప్తంగా. ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్లండి, పండుగ పనుల మధ్య కాదు. విశ్వాసులు తమ అభిప్రాయాన్ని గౌరవంగా కాపరులకు చెప్పడం హక్కే కాదు, ఒక్కోసారి బాధ్యత కూడా అని శ్రీసభ చట్టం 212వ నిబంధన అంటుంది. గురువులు పార్టీల్లో చురుకైన పాత్ర తీసుకోకూడదని 287వ నిబంధన అంటుంది. శ్రీసభ హక్కుల రక్షణకో, ప్రజల మేలుకో అవసరమని పై అధికారులు భావిస్తేనే మినహాయింపు. బలిపీఠం దగ్గర నిలబడి ఒక గుర్తుకు వేయవద్దని సైగ చేయడం వేరు, కొండ మీద ప్రార్థన ఆపించడం తప్పని ఆ పని పేరు పెట్టి చెప్పడం వేరు. మొదటిది ఆయన చేశారు. రెండోది చేశారా? చేయకపోతే అడగండి. "మీరే తేల్చుకోండి" అనడం మాత్రం నాకు నచ్చలేదు. నిప్పు రాజేసినవారు నీళ్ల బిందె దగ్గర కూడా కనబడాలి. ఇదే మాట అనకండి, మీరు మర్యాదగా చెప్పుకోండి.

పక్క వరుసలో తమ్ముడు ఉంటే ఏ మనసుతో దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి అన్నారు. మత్తయి సువార్త ఐదవ అధ్యాయంలో ప్రభువు మాట మీకు కంఠస్థమే: బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి వెళ్లి ముందు సహోదరుడితో సమాధానపడు. ఏమి గుర్తొస్తే అన్నాడో మళ్లీ తెరిచి చూడండి. నీకు సహోదరుడి మీద కోపం ఉన్నట్టు గుర్తొస్తే అనలేదు. సహోదరుడికి నీ మీద ఏదో ఉన్నట్టు గుర్తొస్తే అన్నాడు. మీ తమ్ముడికి మీ మీద ఏముందో మీకు తెలుసా? 11 ఏళ్ల షామియానా ఒక్క కాగితంతో పనికిరాకుండా పోతుంటే, సంఘం కార్యదర్శి అయిన అన్న ఆ కాగితాన్ని చింపకుండా సొరుగులో దాచాడని అతనికి ఈపాటికి చేరే ఉంటుంది. చిన్న ఊరు కదా. అతను శాంతి సమాధానాలు చెప్పుకునే వేళ మీ వైపు చేతులు జోడించకపోతే దాని వెనుక ఇది ఉండవచ్చు.

వెళ్లడానికి రోజు నేను చెప్తాను. ఆదివారం వద్దు, అందరూ చూస్తారు. ఏదైనా పెళ్లి అయిన మర్నాడు పొద్దున టెంట్ హౌస్ దగ్గరికి వెళ్లండి. ఆ పూట గుడ్డలు ఆరేసి, మడతపెట్టే పని ఉంటుంది, ఇద్దరు మనుషులు కావాలి. గుడ్డకు ఒక కొస అతను పట్టుకుంటాడు, రెండో కొస మీరు పట్టుకోండి. చేతిలో పని ఉంటే మగవాళ్లకు మాట కాస్త సులువుగా వస్తుందని నా భర్తతో నలభై ఏళ్ల అనుభవం. ముందు ఆ కాగితం సంగతి మీరే చెప్పండి, చింపేశానని చెప్పండి, చింపాకే వెళ్లండి. తరువాత డిసెంబరు గురించి అడగండి. అతను కోప్పడవచ్చు. నీవాళ్లు ఏం తక్కువ చేశారు అని పాత పద్దులు తీయవచ్చు. తీయనివ్వండి, పైన నేను తీసినవే తీస్తాడు, వాటిలో అబద్ధం లేదు. ఎవరికి ఓటేశావని మీ అమ్మగారిని మాత్రం ఇద్దరూ ఏ పరిస్థితుల్లోనూ అడగకండి. ఆవిడ చెప్పేస్తుంది, ఇంకో రెండేళ్లు భోజనాలు ఉండవు.

మాటలు కుదిరినా కుదరకపోయినా ఒకటి అడిగి రండి. కుర్చీలు వేసుకెళ్లే అతని మినీ లారీ ఆ కొండ ఊరి దాకా ఎక్కుతుందా, లేక కింద ఆపి నడవాలా అని. దారి అతనికే బాగా తెలిసి ఉంటుంది.